నిండిన చెరువు, ఎండిన బావులు: ఒక ఊట చెరువు కేస్ స్టడీ

నన్ను ఆ లోయకు పిలిచేనాటికి ఊట చెరువు, అంటే వాన నీటిని నిలిపి నేలలోకి ఇంకించే చెరువు, కట్టి నాలుగేళ్లయింది. కట్ట గట్టిగా ఉంది, అలుగు చెక్కుచెదరలేదు, చెరువు నిండా నీళ్లున్నాయి. చెరువుకు రెండు వందల మీటర్ల దిగువన ఉన్న బావిలో మాత్రం చుక్క లేదు. ఆ బావి రైతు నన్ను గట్టు మీద నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: "అక్కడ అన్ని నీళ్లుంటే ఇక్కడికి ఎందుకు రావడం లేదండీ?"

మొదటి ఏడాది వచ్చాయని, రెండో ఏడాది తగ్గాయని, ఆ తర్వాత చెరువు ఎంత నిండినా బావిలో తేడా కనిపించడం లేదని ఆయన చెప్పాడు. అడుగున బండ తగిలి ఉంటుందని ఊరివాళ్లు అనుకున్నారు. మరో చెరువు తవ్విద్దామని కొందరు, బోర్లను ఇంకా లోతుకు దించుదామని కొందరు అన్నారు. భూగర్భ జలాలను నింపే ఈ పనిలో నాకున్న అనుభవమంతా ఆ రైతు మాటల్లోని 'మొదటి ఏడాది వచ్చాయి' అన్న ముక్క దగ్గరే ఆగింది. మొదటి ఏడాది ఇంకిన నేల నాలుగో ఏడాదికి ఇంకడం మానేసిందంటే ఆ మధ్యలో నేల మీద ఏదో పేరుకుందన్నమాట. బండ అయితే మొదటి రోజు నుంచీ బండే.

లోయ గురించి కొంత చెప్పాలి. అడుగున గ్రానైట్. పైన పదిహేను ఇరవై మీటర్ల మందాన శిథిలమైన రాయి, అంటే చేత్తో నలిపితే పొడి అయ్యే గరుసు. దాని కింద పగుళ్లున్న గట్టి రాయి. ఏడాది వానంతా నాలుగైదు పెద్ద జడివానల్లో కురిసిపోతుంది. చుట్టూ వాలులు బోడిగా ఉండడంతో ప్రతి వానా ఎర్రటి బురదను వాగులోకి దింపుతుంది. చెరువు నిండినప్పుడు నీటి విస్తీర్ణం 2 హెక్టార్లు.

కొలిచి చూడడం

నాలుగేళ్లలో ఒక్క కొలతా ఎవరూ రాసిపెట్టలేదు. ఇలాంటి చెరువులు చాలా చూశాను. కట్టడానికి పెట్టే ఖర్చులో అణువంత భాగం చాలు, నీళ్లలో ఒక కొలబద్ద పాతి రోజూ చదవడానికి. ఆ చిన్న పని జరగకపోవడం వల్ల ఆ రైతు నాలుగేళ్లు కారణం తెలియకుండా నష్టపోయాడు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కొలబద్ద పాతాం. గట్టు మీద బాష్పీభవనం కొలిచే పళ్లెం పెట్టాం. వాన లేని 20 రోజులు చూసుకుని రోజూ ఉదయం ఒకే సమయానికి చదివాం. ఆ 20 రోజుల్లో నీటిమట్టం 18 సెంటీమీటర్లు తగ్గింది, అంటే రోజుకు 9 మిల్లీమీటర్లు. పళ్లెంలో ఆవిరయ్యే నీటికీ చెరువులో ఆవిరయ్యే నీటికీ తేడా ఉంటుంది కాబట్టి పళ్లెం కొలతను 0.7తో హెచ్చించి లెక్క కట్టాం. రోజుకు దాదాపు 6.5 మిల్లీమీటర్లు ఆకాశానికి పోతోందని తేలింది. మిగిలిన 2.5 మిల్లీమీటర్లే నేలలోకి దిగుతోంది. 2 హెక్టార్ల చెరువులో ఇది రోజుకు 50 ఘనపు మీటర్లు. ఎండకు పోతున్నది 130. చెరువులో తగ్గే ప్రతి నాలుగు బిందెల్లో దాదాపు మూడు గాలిలో కలిసిపోతున్నాయి. ఇంకించడానికి కట్టిన చెరువు నీటిని ఆవిరి చేసే పళ్లెంగా మారింది.

నీరు వెనక్కి తగ్గిన అంచున ఒక చిన్న గుంట తవ్వాం. పైన నాలుగు సెంటీమీటర్ల మందాన మెత్తని బంకమట్టి పొర ఉంది. ఎండిన చోట అది పెంకుల్లా పగిలి అంచులు పైకి లేచింది. ఆ పొర కింద అసలైన గరుసు నేల ఉంది. రెండడుగుల దూరంలో నీళ్లు నిలిచి ఉన్నా జానెడు లోతున ఆ గరుసు పొడిగా ఉంది. నాతో వచ్చిన ఊరివాళ్లు ఆ మట్టిని గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల మధ్య నుంచి రాల్చి చూశారు. ఆ క్షణం తర్వాత బండ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రెండు ఇనుప వలయాలను ఒకదాని లోపల ఒకటి దించి నీళ్లు పోసి చూసే పరీక్ష కూడా చేశాం. బయటి వలయంలోని నీరు పక్కలకు పోతే, లోపలి వలయంలోని నీరు నేరుగా కిందికే దిగుతుంది, అదే మనకు కావలసిన కొలత. బంకమట్టి ఉన్న చోట ఒక రోజంతా ఆగినా కంటికి ఆనేంత దిగలేదు. పొరను గీకేసిన చోట వేగం రెండో రోజుకు స్థిరపడి, రోజుకు 12 సెంటీమీటర్ల చొప్పున దిగింది. నాలుగు సెంటీమీటర్ల మట్టి తేడా అంతే.

బురద ఎలా పనిచేస్తుంది

ఇసుక రేణువు నీటిలో క్షణాల్లో మునుగుతుంది. 0.02 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువు నిలకడ నీటిలో ఒక మీటరు దిగడానికి దాదాపు ముప్పావు గంట పడుతుంది. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకు అదే మీటరు మూడు రోజుల పైమాటే. రేణువు వ్యాసం పదో వంతుకు తగ్గితే మునిగే వేగం నూరో వంతుకు పడిపోతుంది. అందుకే చెరువు నిండిన మొదటి గంటల్లో ముతక ఒండ్రు పడుతుంది, దాని మీద రోజుల తరబడి అతి సన్నని బంకమట్టి మీగడలా పరుచుకుంటుంది. ఇంకే నీరే ఆ రేణువులను నేల రంధ్రాల్లోకి లాగి బిగిస్తుంది. ఎండ తగిలే నీటిలో నాచు కూడా పెరిగి ఆ పొరకు జిగురులా తోడవుతుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే భూగర్భ జలాలను కృత్రిమంగా నింపే పని సగం అర్థమైనట్టే. నమీబియాలో ఒమరురు నది మీద 1990లలో కట్టిన ఓమ్‌డెల్ ఆనకట్టను నేను ఎప్పుడూ ఉదాహరణగా చెబుతాను. ఎడారిలో ఎప్పుడో ఒకసారి వచ్చే వరదను అక్కడ పట్టి నిలబెడతారు. అక్కడ నిలబెట్టడం నీటిని దాచుకోవడానికి కాదు, బురద అడుక్కి దిగడానికి. నీరు తేటపడ్డాక దిగువనున్న ఇంకుడు మడుగుల్లోకి వదులుతారు. ఆ నీరు నది ఇసుక కింద చేరి తీరంలోని పట్టణాలకు ఉపయోగపడుతుంది. ఎండ అంతగా కాసే చోట నీటిని పైన ఉంచుకోకూడదన్న తెలివీ, బురద నీటిని నేలకు తాగించకూడదన్న తెలివీ రెండూ ఆ ఏర్పాటులో ఉన్నాయి.

మా లోయలో మాకు అంత పెద్ద ఆనకట్ట లేదు. ఉన్న చెరువుతోనే పని జరగాలి.

చేసిన పనులు, చేసిన తప్పులు

ముందు నా తప్పు చెప్పాలి. చెరువు అడుగున రెండు రీఛార్జ్ షాఫ్టులు, అంటే నీటిని లోతుకు దింపే నిలువు గుంతలు తవ్వి, వాటిలో పెద్ద రాళ్లు, గులకరాళ్లు, ఇసుక వరుసగా నింపితే నీరు బంకమట్టిని దాటి నేరుగా గరుసులోకి దిగుతుందని నేనే సలహా ఇచ్చాను. మొదటి జడివానకే ఆ ఇసుక పైభాగం మూసుకుపోయింది. రెండు హెక్టార్ల అడుగును మూసేసిన బురద రెండు మీటర్ల షాఫ్టును వదులుతుందని నేను ఎలా అనుకున్నానో! వైశాల్యం తగ్గిన కొద్దీ మూసుకుపోవడం వేగమవుతుందే కానీ తగ్గదు. ఆ ఖర్చు వృథా అయిందని ఊరి సమావేశంలో నేనే చెప్పాను.

అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి కనిపించింది. నేను రాకముందే ఎవరో వాగు నీటిని గొట్టంతో ఒక పాడుబడిన బోరులోకి మళ్లించారు. నీరు గడగడా దిగిపోతుంటే చూడడానికి సంతోషంగానే ఉంటుంది. ఆ వాగు పశువుల కొట్టాల పక్క నుంచి వస్తుంది. దగ్గరలోని తాగునీటి బావిని పరీక్ష చేయిస్తే మల సంబంధమైన సూక్ష్మజీవులు బయటపడ్డాయి. చెరువు అడుగు నుంచి దిగే నీరు కొన్ని మీటర్ల మట్టి గుండా నెమ్మదిగా ప్రయాణిస్తుంది, ఆ దారిలో మట్టే చాలా మలినాలను పట్టుకుంటుంది. బోరు ఆ జల్లెడను దాటవేసి, మురికిని తిన్నగా రాతి పగుళ్లలోకి దింపేస్తుంది. ఆ బోరును అదే వారంలో మూయించాం. బోరులోకి నీళ్లు పంపాలంటే అవి తాగునీటి ప్రమాణానికి దగ్గరగా ఉండాలి. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో రాతి పగుళ్లలోకి బోర్ల ద్వారా నీరు పంపుతారు, కానీ శుద్ధి చేసిన తర్వాతే. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి భూమిలోకి పంపుతున్నారు. సన్నని పొరల వడపోత, రివర్స్ ఆస్మాసిస్, అతినీలలోహిత కాంతి, ఇవన్నీ దాటాకే ఆ నీరు నేలకు చేరుతుంది. శుద్ధమైన నీరైనా సరే, రాతితో దానికి కుదురుతుందో లేదో చూడాలి. ఫ్లోరిడాలో ఆక్సిజన్ నిండిన నీటిని లోతు పొరల్లోకి పంపినప్పుడు అక్కడి ఖనిజాలు కరిగి ఆర్సెనిక్ అనే విషపదార్థం వెలువడిన అనుభవం ఉంది.

ఇక ఫలితమిచ్చిన పనుల సంగతి. ఎండాకాలంలో చెరువు పూర్తిగా ఎండాక పూడిక తీయించాం. మొదటి మూడో వంతు భాగంలో పెద్ద యంత్రాలు దించాం. పని చకచకా సాగింది. ఆ తర్వాత వలయ పరీక్ష చేస్తే అక్కడ ఇంకే వేగం మిగతా చోట్లలో సగమే ఉంది. యంత్రాల బరువుకు గరుసు నేల అణిగిపోయింది. మిగిలిన భాగంలో తేలికపాటి ట్రాక్టరుకు పలక బిగించి పైపొరను మాత్రం గీకించి, ఆపైన నాగలితో పైపైన దున్నించాం. బంకమట్టి బాగా ఎండి పెంకులుగా లేచిన రోజుల్లోనే ఇది చేయాలి. తడిగా ఉండగా గీకితే పలక ఆ మట్టిని నేలకే పులిమేస్తుంది.

చెరువుకు ఎగువన వాగు మీద ఒక చిన్న నిలకడ గుంట తవ్వించాం. నీరు అందులో కొంతసేపు ఆగి, పైభాగం నుంచి పొర్లి చెరువులోకి వస్తుంది. ముతక ఒండ్రు అక్కడే పడిపోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం బంకమట్టి మాత్రం ఇంత చిన్న గుంటలో ఆగదు. కాబట్టి గుంట ఉన్నా ఏటా గీకే పని తప్పదు. గుంట వల్ల ఆ పని తేలికవుతుంది, అంతవరకే. ఈ మాట ముందే స్పష్టంగా చెప్పకపోతే రెండేళ్లకు మళ్లీ చెరువు మూసుకుపోతుంది, గుంట పనికిరాదన్న పేరు మిగులుతుంది.

మొదటి వరద నీటిని చెరువులోకి రానివ్వకుండా పక్క కాలువలో దిగువకు వదలడం మూడో మార్పు. ఎండాకాలమంతా వాలుల మీద పోగైన దుమ్ము, పేడ, మట్టి అన్నీ ఆ మొదటి నీటిలోనే వస్తాయి. దీనికి దిగువ ఊరివాళ్లు అభ్యంతరం చెప్పారు. "బురద మాకూ, తేట మీకూనా?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. ఎగువన ఇంకించే ప్రతి ఘనపు మీటరూ దిగువ కుంటకు చేరాల్సిన నీటిలోంచి తీసుకున్నదే కావచ్చు. వాగు ఎండిపోయే లోయల్లో ఈ లెక్క చూడకుండా చెక్ డ్యాముల వరుస కట్టడం ఒకరి దాహాన్ని మరొకరికి బదిలీ చేయడమే. రెండు ఊళ్లూ కూర్చుని, మొదటి వరదతో పాటు ఒకటి విడిచి ఒకటి వచ్చే వరదలను కూడా దిగువకు వదలాలని ఒప్పుకున్నాయి. నా లెక్కల్లో ఇంకే నీరు దీనివల్ల తగ్గింది. ఆ తగ్గుదల న్యాయమైనదే.

నాలుగు మీటర్ల సంబరం

నేను వెళ్లిన మొదటి వానాకాలానికి ఇంకా పూడిక తీయలేదు. అయినా కొలవడానికి తొమ్మిది బావులు ఎంచుకున్నాం. ఆరు చెరువు ప్రభావంలో ఉంటాయనుకున్నవి. మూడు పక్క లోయలోవి, అదే రాయి, అదే వాన, చెరువు మాత్రం లేదు.

వానల తర్వాత చెరువు దగ్గరి బావుల్లో నీటిమట్టం సగటున 4 మీటర్లు పెరిగింది. ఊళ్లో సంబరం చేసుకున్నారు. పక్క లోయలోని మూడు బావుల్లోనూ 3.7 మీటర్లు పెరిగిందని చెప్పేటప్పుడు నాకు చాలా కష్టమనిపించింది. ఆ పెరుగుదల వానది. చెరువు ఇచ్చింది 30 సెంటీమీటర్లు. పోల్చడానికి దూరపు బావులు లేకుండా రాసిన విజయగాథలను నేను నమ్మను, ఎంత మంచివాళ్లు రాసినా సరే.

పూడిక తీశాక వచ్చిన రెండో వానాకాలంలో వాన మామూలుగానే ఉంది. దూరపు బావుల్లో 2.8 మీటర్లు, చెరువు దగ్గరి బావుల్లో 5 మీటర్లు పెరిగింది. తేడా 2.2 మీటర్లు. వలయ పరీక్షలో చూసిన 12 సెంటీమీటర్ల వేగం చెరువు మొత్తానికి రాలేదు. కొలబద్ద లెక్కన ఇంకుడు రోజుకు సగటున 4 సెంటీమీటర్లు. అణిగిన మూడో వంతు నేల ఒక కారణం. కింద నీరు గుట్టలా పైకి లేచి, దిగే నీటికి ఎదురుగా నిలవడం మరో కారణం. అయినా రోజుకు 800 ఘనపు మీటర్లు, 60 రోజులు ఇంకింది, మొత్తం 48,000.

ఇప్పుడు దీన్ని బావుల వైపు నుంచి సరిచూడాలి. శిథిల గ్రానైటులో, తోడితే బయటికి వచ్చే నీటి వంతు రాయి మొత్తం పరిమాణంలో సాధారణంగా 1 నుంచి 3 శాతం. 2 శాతం అనుకుంటే, ప్రభావం కనిపించిన 100 హెక్టార్లలో 2.2 మీటర్ల పెరుగుదల అంటే 44,000 ఘనపు మీటర్లు. చెరువు లెక్కా బావుల లెక్కా దగ్గర దగ్గరగా కలిశాయి. ఆ రాత్రి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

నీటి వాహకత, అంటే నీరు విద్యుత్తును ఎంతగా పోనిస్తుందన్న కొలత, కూడా సాక్ష్యం చెప్పింది. ఉప్పదనం ఎక్కువైతే అది పెరుగుతుంది. లోయలోని భూగర్భ జలం ఉప్పదనంతో సెంటీమీటరుకు 1,600 మైక్రోసీమెన్ల దగ్గర ఉండేది. చెరువు దిగువ బావుల్లో అది 700కు తగ్గింది, వాన నీరు అక్కడికి చేరిందనడానికి ఇది గుర్తు. ఒక్క బావి మాత్రం, చెరువుకు 300 మీటర్ల దూరంలోనే ఉన్నా, మట్టంలోనూ ఉప్పదనంలోనూ కదల్లేదు. మధ్యలో నేలలో నిలువుగా నిలిచిన నల్లరాతి గోడ ఉంది. డోలరైట్ డైక్ అంటారు. పైన చూస్తే అక్కడక్కడ నల్లగుండ్ల వరుసలా కనిపిస్తుంది, కింద నీటికి అడ్డుగోడ.

తోడుకునే లెక్క

రాయి ఇంత తక్కువ నీటిని పట్టుకోవడంలో ఒక మోసం ఉంది. కొంచెం నీరు చేరినా మట్టం మీటర్ల కొద్దీ పెరుగుతుంది, చూసినవాళ్లు సముద్రం వచ్చిందనుకుంటారు. ఆ పరిధిలో 14 బోర్లున్నాయి. ఒక్కోటి సెకనుకు 2 లీటర్ల చొప్పున రోజుకు 6 గంటలు నడిస్తే 43 ఘనపు మీటర్లు తోడుతుంది. పద్నాలుగూ కలిపితే రోజుకు 605. చెరువు ఇచ్చిన 44,000 ఘనపు మీటర్లు 73 రోజుల్లో అయిపోతాయి. రెండో ఏడాది నీళ్లు కనిపించగానే మరో ఐదు బోర్లు వేయడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. 19 బోర్లయితే అదే నీరు 54 రోజులకే సరి.

ఈ లెక్కను పలక మీద రాసి చూపించాం. నా మాటల కన్నా ఆ పలక ఎక్కువ పనిచేసింది. ఐదింటిలో నాలుగు ఆగాయి, ఐదోది మాత్రం వేశారు. బోర్లు వంతులవారీగా నడవాలన్న ఒప్పందం కుదిరింది, తక్కువ తడులతో పండే పంటలకు కొందరు మారారు. ప్రపంచమంతటా ఇలా ప్రణాళిక ప్రకారం భూమిలోకి నింపుతున్న నీరు ఏడాదికి దాదాపు 10 ఘనపు కిలోమీటర్లని 2015 నాటి అంచనా. అదే కాలంలో తోడిన భూగర్భ జలంలో అది దాదాపు 1 శాతం. ఈ పని మీద ఇంత ప్రేమ ఉండి కూడా నేను తోడుకునే లెక్క గురించి ఎందుకు పట్టుబడతానో ఆ అంకెలు చెబుతాయి.

మూడో ఏడాది వానలు ముఖం చాటేశాయి. చెరువు ఒక్కసారే నిండింది. 30 రోజులు ఇంకింది. వెనుకటి కరువులో ఎండాకాలం మొదట్లోనే అడుగంటిన బావుల్లో ఈసారి మరో ఐదు వారాలు నీరు నిలిచింది. ఐదు వారాలంటే చేతికి రావలసిన పంటకు చివరి రెండు తడులు. నన్ను మొదట ప్రశ్న అడిగిన రైతు ఆ రెండు తడులూ పెట్టాడు.

డైక్ అవతలి బావి ఆ ఏడాదీ ముందే ఎండింది. దాని యజమానురాలు పూడిక తీతకు అందరితో సమానంగా పనిచేసింది, వంతులు పాటించింది, ఆమెకు దక్కిందేమీ లేదు. ఆ వైపున్న చిన్న వాగు పాయలో వలయ పరీక్ష మొదలుపెట్టాం. అక్కడ గరుసు పలచగా ఉంది, నీటి రాక కూడా తక్కువ. వచ్చే వానకు ముందే ఆమెకు అవునో కాదో చెప్పాలి. కాదని తేలితే ఇవతలి బావుల నుంచి ఆమె పొలానికి పైపు వేసి వాటా ఇవ్వాలన్న ప్రతిపాదన సమావేశం ముందు పెట్టాను. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.